బుచ్చమ్మ చెవులు

తండ్రి రామ్‌చందర్ పాలకొట్టంలో హోటల్ క్యాన్లు నింపే పని వర్షితది. పురానాపూల్ దగ్గరి ఆ గల్లీలో, బర్రెలను కట్టేసే కొట్టానికీ ఇంటికీ మధ్య షాబాద్ బండల అరుగు ఒకటి ఉంది. బడి నుంచి వచ్చి, నాలుగయ్యేసరికి ఆ పన్నెండేళ్ల పిల్ల అరుగు మీద గొంతుక్కూర్చుని బకెట్ వంచుతుంది. క్యాన్ లోపల పది లీటర్ల దగ్గర ఒక గీత ఉంటుంది. పాలు ఆ గీతను అందుకోవాలి, దాటకూడదు. వర్షిత లోపలికి చూడదు. తల పక్కకు తిప్పి వింటుంది. అడుగున పడేటప్పుడు పాలది బొంగురు గొంతు. నిండేకొద్దీ ఆ గొంతు సన్నబడుతుంది. ఎక్కడ ఆపాలో ఆ చెవికి తెలుసు. ఆపాక ఎవరైనా వంగి చూస్తే పాలు సరిగ్గా గీత మీదే ఉంటాయి.

"చూసినవా భాయ్?" అని నాయినమ్మ పుష్పమ్మ, క్యాన్ల కోసం వచ్చే హోటల్ చాచాకు రోజూ చూపించేది. "అచ్చం మా బుచ్చక్క చెవులే. కండ్లు మూసుకున్నా చుక్క కింద పడదు."

"వాహ్ బేటీ, కమాల్ హై" అనేవాడు చాచా, ప్రతిరోజూ కొత్తగా చూసినట్టు.

ఆ పొగడ్త వింటే వర్షిత ముఖం తిప్పుకుని ఇంకో బకెట్ అందుకునేది. ఎందుకో తెలియాలంటే బుచ్చమ్మ సంగతి చెప్పాలి.

బుచ్చమ్మ పుష్పమ్మకు స్వయానా అక్క. మొగుడు వదిలేస్తే చెల్లెలి ఇంటికి చేరింది. ఆమెకు కళ్లు ఆనేవి కావు. ఎంత ఆనేవో, ఎంత ఆనేవి కావో ఎవరూ పట్టించుకుని చూడలేదు. గుడ్డిది పాపం అన్నారు, అక్కడితో పని అయిపోయింది. కొట్టం పక్కన నులకమంచం వేసి కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్లు ఆ మంచం మీదే కూర్చుంది. క్యాన్లను చెవితో నింపడం ఆమె కనిపెట్టిన విద్యే. ఇంటికి చుట్టాలొస్తే ఆమె ముఖం ముందు వేళ్లు ఆడించి, "గివి ఎన్నో చెప్పు బుచ్చక్కా" అని నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వి ఏదో ఒక అంకె చెప్పేది. వర్షితకు ఆరేళ్లప్పుడు ఆమె పోయింది. కానీ ఆ వేళ్లు, ఆ నవ్వులు పిల్ల మనసులో ఉండిపోయాయి.

బడిలో వర్షిత పుస్తకం చదవలేకపోయేది. అక్షరాలు రాక కాదు. ఒకటో తరగతి గోడ మీద అరచేయంత అక్షరాల చార్టు ఉండేది. క్లాసులో అందరికంటే ముందు అవి నేర్చుకున్నది ఈ పిల్లే. రెండు, మూడు తరగతులు ఎలాగో నెట్టుకొచ్చింది. నాలుగులో పుస్తకం మారింది, అక్షరాలు చిన్నవయ్యాయి. పేజీ తెరిస్తే చీమలు పాకినట్టు కనిపించేది. కళ్లు చికిలించి చూస్తే కాసేపటికి తల పగిలిపోయేది. ఒకరోజు ధైర్యం చేసి, అప్పటి టీచరుతో అక్షరాలు కదులుతున్నాయని చెప్పింది. "ఆడలేక మద్దెల ఓడు అన్నదంట" అని ఆవిడ క్లాసంతా నవ్వించింది. ఆ మహాతల్లి ఆ ఒక్క మాట పట్టుకుని పిల్లను దగ్గరికి పిలిచి అడిగి ఉంటే ఈ కథే లేదు. అడగడానికి ఆవిడకు తీరిక లేకపోయింది.

ఆ రోజు ఇంటికి వస్తూ వర్షిత ఒక నిర్ణయానికి వచ్చింది. మొద్దు అనిపించుకుంటే బడిలో తిడతారు, అంతే. గుడ్డిది అనిపించుకుంటే ఆ నులకమంచం తనకోసం ఎదురుచూస్తోంది. మంచం ఇంకా కొట్టం పక్కనే ఉంది, దాని మీద ఇప్పుడు గడ్డి మోపులు పెడుతున్నారు. కళ్ల సంగతి చచ్చినా ఎవరికీ చెప్పకూడదనుకుంది. మూడేళ్లుగా చెప్పలేదు.

మరి ఏడో తరగతిదాకా ఎలా వచ్చిందంటే, అది స్వీటీ పుణ్యం. స్వీటీ పక్కింటి పిల్ల, వాటర్ బోర్డులో పనిచేసే ఇస్సాకు కూతురు. ఇద్దరిదీ ఒకే క్లాసు. రోజూ సాయంత్రం క్యాన్లు వెళ్లిపోయాక స్వీటీ అరుగు మీద కూర్చుని పాఠం పైకి చదివేది. రెండుసార్లు వింటే వర్షితకు పాఠం పాఠమంతా కంఠతా వచ్చేసేది. బదులుగా స్వీటీకి నోటిలెక్కలు చేసిపెట్టేది. ఫ్రెండుకు చదవడం బద్ధకమని స్వీటీ అనుకునేది తప్ప, అసలు సంగతి ఆమెకూ తెలియదు.

ఆ బండారం పోయిన నెలలో తల్లిదండ్రుల మీటింగులో బయటపడింది. కొత్తగా వచ్చిన విమలాదేవి టీచరు ఒక్కో పిల్లను లేపి, ఒక్కో పేజీ చదివిస్తోంది. వర్షిత వంతు వచ్చింది. టీచరు పుస్తకం తెరిచి చేతికిస్తూ ఆరో పాఠం అంది, మీటింగు గోలలో వర్షితకు ఐదో పాఠమని వినిపించింది. ఆరో పాఠం ముందు పట్టుకుని, ఐదో పాఠం మొదటి నుంచి చివరిదాకా, తప్పు లేకుండా, రాగం తీస్తూ చదివేసింది. పక్కన కూర్చున్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మగవాళ్లు అది కూడా పెట్టుకోలేదు. "పిల్లకు పుస్తకం ఎందుకు రామ్‌చందర్ అన్నా, టేప్ రికార్డర్ ఉన్నది గదా" అన్నాడొకడు. రామ్‌చందర్ తల వంచుకుని బయటికి వచ్చేశాడు. ఆ రోజు నుంచి ఆయన కూతురితో సరిగా మాట్లాడలేదు.

శనివారం సాయంత్రం ఆయన ఫోనుకు బడి నుంచి మెసేజ్ వచ్చింది. సోమవారం ట్యాబ్ మీద చదివే పరీక్ష. ఒక్కొక్కరిని విడిగా పిలిచి చదివిస్తారు. తల్లిదండ్రులు వచ్చి చూడవచ్చు. రామ్‌చందర్ మెసేజ్ రెండుసార్లు చదువుకుని, బర్రె తాడు చేతిలో పట్టుకునే కూతురి ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"సోమారం నేనే వస్త. నా ముంగట చదువు" అన్నాడు. "చదివితే బడి. లేకుంటే మంగళారం సంది మలక్‌పేట. మీ లలితత్త కర్రీ పాయింట్ల మనిషి కావాలంటుంది."

"చిన్నపిల్లయ్యా అది" అంది తల్లి భాగ్యశ్రీ లోపలి నుంచి.

"చదువు రానిదానికి బడెందుకు? ఆడ వంట పనన్న వస్తది. నలుగుట్ల ఇజ్జత్ తీసుకునుడు ఇంగ నాతోని కాదు."

ఆయన గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. అందుకే వర్షితకు ఎక్కువ భయమేసింది. కోపమైతే రెండు రోజులకు పోతుంది.

ఆదివారమంతా స్వీటీ చేత పుస్తకంలో ఉన్న పాఠాలన్నీ చదివించుకుంది. పన్నెండు పాఠాలు, మూడు పద్యాలు. గొంతు బొంగురుపోయి స్వీటీ విసుక్కుంది కూడా. ఏ పాఠం వచ్చినా మొదటి మాట అందితే చాలు, మిగతాది నోటికి వస్తుందని వర్షిత ధైర్యం చెప్పుకుంది.

సోమవారం పొద్దున పదకొండింటికి ఆ ధైర్యం కూడా పోయింది. స్వీటీ పరీక్ష ముగించుకుని వరండాలోకి వచ్చింది.

"పుస్తకంలది కాదే" అంది రహస్యంగా. "నాకు కుండలు చేసుడు గురించి వచ్చింది. మన క్లాసు బేబీకి రైలు గురించి వచ్చిందంట. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. ఎన్నడు సూడనివే."

వర్షిత వరుసలోంచి గోడ వైపు జరిగింది.

"కడుపు నొస్తుందని చెప్పు" అంది స్వీటీ.

చెప్పవచ్చు. కానీ గేటు దగ్గర బండి ఆగిన చప్పుడు విని వర్షిత అటు తిరిగింది. ఆ బండికి వెనక రెండు పక్కలా ఖాళీ క్యాన్లు కొట్టుకునే చప్పుడు వెయ్యి బళ్లలోనైనా ఆమె గుర్తుపడుతుంది. రామ్‌చందర్ దిగి, చొక్కా సర్దుకుంటూ లోపలికి వస్తున్నాడు. సరిగ్గా అప్పుడే పేరు పిలిచారు.

గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు. విమలాదేవి టీచరు ట్యాబ్‌ను పిల్ల వైపు జరిపింది. రామ్‌చందర్ లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు. చెప్పులు బయట విడిచాడు. గుడికైనా ఆయన అంత పద్ధతిగా వెళ్లడు.

"భయపడకు వర్షితా. నిదానంగా చదువు" అంది టీచరు.

వర్షిత ట్యాబ్ చేతిలోకి తీసుకుంది. తెల్లటి వెలుతురు, దాని మధ్య బూడిద రంగు చారలు. కొంచెం దూరంగా పట్టుకుంది. చారలు చారలుగానే ఉన్నాయి. పైన ఒక్క మాట మాత్రం పెద్దగా, లావుగా ఉంది. కళ్లు చికిలించి కూడబలుక్కుంది. గాలిపటం.

ప్రాణం లేచివచ్చింది. గాలిపటం గురించి చెప్పడానికి చూడాలా ఏమిటి? పురానాపూల్‌లో పుట్టిన పిల్ల.

"గాలిపటం" అని గట్టిగా మొదలుపెట్టింది. "ఒక ఊళ్లో బబ్లూ అనే అబ్బాయి ఉండేవాడు. అతనికి గాలిపటాలంటే చాలా ఇష్టం. ఒకరోజు అతను మేడ మీదికి వెళ్లి ఎర్రటి గాలిపటం ఎగరేశాడు. అది పైకి, పైపైకి వెళ్లింది..."

పాఠం చదివే రాగం, వాక్యం చివర ఆగడం, అన్నీ అచ్చుగుద్దినట్టు కుదిరాయి. ఓరకంట గడప వైపు చూసింది. తండ్రి ముఖం స్పష్టంగా కనిపించకపోయినా, బిగుసుకున్న ఆయన భుజాలు కిందికి దిగడం, మనిషి నిటారుగా అవడం తెలిసింది. నాలుగు వారాల తరువాత ఆయన అలా నిలబడ్డాడు. వర్షితకు హుషారు వచ్చింది. బబ్లూ గాలిపటాన్ని కాకి పట్టుకుపోయిందని కూడా కలిపేసింది.

"వర్షితా" అంది టీచరు మెల్లగా. "ఇందులో బబ్లూ లేడమ్మా."

టీచరు ట్యాబ్ మీద వేలు పెట్టి చూపించింది.

"గాలిపటం ఎట్లా తయారు చేయాలో ఉంది ఇందులో. కాగితం, వెదురు పుల్లలు, మైదా పిండి. కాకి ఎక్కడా లేదు."

రామ్‌చందర్ గడప దాటి లోపలికి వచ్చాడు. అరవలేదు. కూతురి చేతిలోంచి ట్యాబ్ తీసి, పగిలే వస్తువును పెట్టినట్టు జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"చాలు మేడం" అన్నాడు. "ఎక్కడ సంతకం పెట్టాల్నో చెప్పుండ్రి. రేపటి సంది రాదు."

"ఒక్క నిమిషం ఆగండి."

"ఇంగేం ఆగుడు మేడం? పోయినసారి ఒక పాఠంకు ఇంకో పాఠం చదివింది. ఈసారి సొంతంగనే అల్లుతుంది. అందరి ముంగట నవ్వులపాలు గావడానికి నేను పని ఇడిసిపెట్టి వస్తున్న." వర్షిత మణికట్టు పట్టుకున్నాడు. "నడువు."

విమలాదేవి టీచరు కదల్లేదు. ఆమె పిల్లనే చూస్తోంది. ఆమెకు రెండు విషయాలు మింగుడు పడటం లేదు. పాఠం మొత్తం ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పిన పిల్ల మొద్దు ఎలా అవుతుంది? ఒక్క ముక్క చదవడం రానిది గాలిపటం అన్న పేరు ఎలా చదివింది? ట్యాబ్ అందుకుని చూసింది. పేరు ఒక్కటే పెద్దక్షరాల్లో ఉంది. రెండు వేళ్లతో తెర మీద లాగింది. ఆ పరీక్షలో అక్షరాలు పెద్దవి చేయడానికి వీలు పెట్టలేదు. తన ఫోను వైపు చూసింది. దాని మీద అక్షరాలు పెద్దవి చేస్తే రెండు ముక్కలకన్నా ఎక్కువ పట్టవు.

"రామ్‌చందర్ గారూ, పది నిమిషాలు. మీ కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటా. పక్క గదిలోకి రండి."

"పక్క గదిల ఏమున్నది?"

"పెద్ద తెర ఉంది" అంది టీచరు.

వర్షితకు అర్థమైంది. టీచరుకు తెలిసిపోయింది. ఇక వేళ్లు ఆడిస్తారు. గివి ఎన్నో చెప్పు అంటారు.

ఆ పెద్ద తెర భాగోతం కూడా చెప్పుకోవాలి. ఎనిమిది నెలల కిందట బడికి వచ్చింది, తలుపంత డిజిటల్ బోర్డు. వేలితో రాస్తే రాసినట్టు పడుతుంది, చెరిపితే పోతుంది, పాఠం బొమ్మలతో కదిలి ఆడుతుంది. వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టి, నాలుగు మూలలా పసుపు కుంకుమ పెట్టి, ఫొటోలు దిగారు. ఆ మర్నాడు హెడ్మాస్టరు రవీందర్ సారు దాన్ని పూల దుప్పటిలో చుట్టించి, గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పిల్లలు ముట్టుకుంటే ఖరాబవుతుందట, దుమ్ము పడుతుందట, రేపు పై నుంచి అడిగితే జవాబు ఆయన చెప్పాలట. అధికారులు వచ్చినప్పుడు దుప్పటి తీసేవాళ్లు, వెళ్లగానే చుట్టేసేవాళ్లు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అని పెద్దలు ఇలాంటి బళ్లను చూసే అని ఉంటారు.

"ఇప్పుడెందుకమ్మా?" అన్నాడు రవీందర్ సారు, జేబు మీద చెయ్యి వేసుకుని. "గురువారం అధికారులు వస్తున్నరు. నిన్ననే తుడిపించిన."

"ఒక పిల్ల బడి మానేస్తోంది సార్."

"అది తెర మీద చూపిస్తే ఆగుతదా?"

"ఆగకపోతే నేను మళ్లీ తుడుస్తా. నా కొంగుతో తుడుస్తా. తాళం ఇవ్వండి."

వరండాలో ఉన్న పిల్లలు అటు తిరిగారు. స్వీటీ అందరికంటే ముందు. రవీందర్ సారు చెడ్డవాడేం కాదు, భయస్థుడు. విమలాదేవి గొంతు అంత పెద్దదని ఆయనకు అంతకుముందు తెలియదు. తాళంచెవి తీసి ఇచ్చాడు.

దుప్పటి లాగితే దుమ్ము లేచింది. టీచరు వేలితో ఒక మూల నొక్కింది. తెర మెల్లగా తెల్లబడింది. రామ్‌చందర్ కూతురి మణికట్టు వదలకుండానే గోడకు ఆనుకుని నిలబడ్డాడు. టీచరు వెనక్కి తిరిగి ఆయన్ను ఎగాదిగా చూసి, తెర మీద వేలితో రాయడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం అరచేయంత ఉంది.

వర్షిత చూసింది.

చీమలు లేవు. చారలు లేవు. ప్రతి అక్షరం ఒంటరిగా, నల్లగా, నిలకడగా నిలబడి ఉంది. తలకట్టు తలకట్టులాగే ఉంది, కొమ్ము కొమ్ములాగే ఉంది. ఒకటో తరగతి గోడ మీది అక్షరాలు ఇన్నేళ్లకు తిరిగి వచ్చాయి. మూడేళ్లుగా లోకంలో అందరూ చూస్తున్నది ఇదేనా అనుకుంది.

"చదువు" అంది టీచరు.

చదవగలదు. మొదటి వాక్యం అప్పటికే మనసులో చదివేసింది. కానీ నోరు విప్పితే అయిపోయింది. చిన్నవి చదవలేనిది పెద్దవి చదివిందంటే కారణం ఒక్కటే. ఇక మొద్దు కాదు, గుడ్డిది. మొద్దుకు మలక్‌పేట, కూర గిన్నెలు. గుడ్డిదానికి నులకమంచం. మలక్‌పేట నుంచి ఎప్పటికైనా తిరిగి రావచ్చు. ఆ మంచం మీది నుంచి బుచ్చమ్మ లేచి వెళ్లింది ఒక్కసారే, నలుగురు మోసుకుపోయినప్పుడు.

వర్షిత పెదవులు బిగించింది.

"చదువమ్మా."

"రాదు టీచర్."

కిటికీ దగ్గర స్వీటీ, వెనక ఇంకో పదిమంది. ఎవరో కిసుక్కుమన్నారు. రవీందర్ సారు గడియారం చూసుకున్నాడు.

"ఇడిసిపెట్టుండ్రి మేడం" అన్నాడు రామ్‌చందర్. "నా బిడ్డకు చదువు రాదు, ఒప్పుకుంటున్న గదా. ఇంగ దాన్ని ఎందుకు నిలబెడ్తరు? అది మంచిది. పొద్దుగాల నుంచి రాత్రిదాక పని చేస్తది. రాదంటే రాదనే. అబద్ధమాడుడు దానికి తెల్వదు."

ఆ ఆఖరి మాట వర్షితకు తగలరానిచోట తగిలింది. మూడేళ్లుగా ఆడుతున్నది అబద్ధం కాక ఏమిటి? పుస్తకం తెరిచి పట్టుకోవడం అబద్ధం, బబ్లూ అబద్ధం, తలనొప్పి లేదనడం అబద్ధం. నలుగురూ నవ్వితే తలవంచుకుని వెళ్లిన మనిషి, ఇప్పుడు అదే నలుగురి ముందు తన తరఫున మాట్లాడుతున్నాడు. మణికట్టు చుట్టూ ఆయన వేళ్లు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి.

వర్షిత తెర వైపు తిరిగింది.

"ఈ రోజు... మా బడికి... రామ్‌చందర్ గారు వచ్చారు" అంది.

రామ్‌చందర్ తల ఎత్తాడు.

"ఆయన చొక్కా మీద... పాల మరక ఉంది. రెండో గుండీ... ఊడిపోయింది."

రాగం లేదు. తడబడుతూ, కూడబలుక్కుంటూ, ఒక్కో మాటా తెర మీది నుంచి ఏరుకుంటూ చదివింది. రామ్‌చందర్ చెయ్యి తనంతట తానే చొక్కా మీదికి వెళ్లింది. మరక ఉంది. రెండో గుండీ లేదు. ఇది ఏ పుస్తకంలోనూ లేని పాఠం, ఎవరూ వినిపించని పాఠం.

"బిడ్డా!" అన్నాడు.

"ఆగండి, ఇంకా అయిపోలేదు" అంది టీచరు. రాసినదాన్ని రెండు వేళ్లతో దగ్గరికి నొక్కింది. అక్షరాలు సగమయ్యాయి. "ఇప్పుడు?"

"ఈ రోజు మా బడికి..."

మళ్లీ నొక్కింది.

"ఈ... రోజు... మా..." వర్షిత కళ్లు చికిలించింది.

మళ్లీ నొక్కింది. ఇంకా పుస్తకంలో అక్షరాలంత కాలేదు. దానికి రెట్టింపు ఉన్నాయి.

వర్షిత ఆగిపోయింది. కిటికీ దగ్గర కిసుక్కులు ఎప్పుడో ఆగిపోయాయి.

"రామ్‌చందర్ గారూ, మీకు కనబడుతున్నాయా?"

"మస్తు కనబడ్తున్నయ్ మేడం. గోడ కాన్నుంచే."

"వర్షితా, నీకు?"

"చీమలు" అంది వర్షిత. చెంపల మీద నీళ్లు కారిపోతున్నాయి. "నాలుగో తరగతి సంది చీమలే టీచర్."

రామ్‌చందర్ కూతురి మణికట్టు వదిలేశాడు. బర్రెలను సాకే మనిషి, దూడ ఒక పూట గడ్డి ముట్టకపోతే పళ్లు చూస్తాడు, నాలుక చూస్తాడు, చెవుల మొదళ్లు పట్టి చూస్తాడు. మూడేళ్లుగా తన పిల్ల కళ్లలోకి చూడలేదు. ఆయన వేరే ఏదో లెక్క కలుపుకుంటున్నట్టు నేల వైపు చూసి, మెల్లగా అడిగాడు.

"క్యాన్‌ల గీత కనబడ్తదా బిడ్డా?"

"కనబడదు బాపు. ఇని పోస్త."

ఆయన పిల్లలు కూర్చునే చిన్న బెంచీ మీద కూలబడ్డాడు. రోజూ చాచాను పిలిచి చూపించింది, గల్లీ అంతా చెప్పుకుని మురిసింది దేన్నో ఆయనకు అప్పుడు అర్థమైంది. రవీందర్ సారు దుప్పటి మడత పెట్టి చేతిలో పట్టుకుని, దాన్ని ఏం చేయాలో తెలియక నిలబడి ఉన్నాడు. వేళ్లు మాత్రం ఎవరూ ఆడించలేదు.

మంగళవారం వర్షిత మలక్‌పేట వెళ్లలేదు, కంటి ఆసుపత్రికి వెళ్లింది. తండ్రితోపాటు పుష్పమ్మ కూడా పట్టుబట్టి వచ్చింది. డాక్టరమ్మ యంత్రంలోంచి చూసి, లావుపాటి అద్దాలు మార్చి మార్చి పెట్టి, పుట్టినప్పటి నుంచే కళ్లు ఇలా ఉన్నాయనీ, అద్దాలు పెడితే అన్నీ చదువుకోవచ్చనీ చెప్పింది.

"అంతేనా అమ్మా?" అని అడిగింది పుష్పమ్మ. "అద్దాలు పెడితే అయిపోతదా?"

"అంతే. ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉందా?"

పుష్పమ్మ ఆ అద్దాలు అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

ఆ వారంలో విమలాదేవి టీచరు క్లాసు క్లాసునూ పెద్ద తెర ముందు నిలబెట్టి అదే ఆట ఆడించింది. పెద్దవి, సగం, దానిలో సగం. ఇంకో ఇద్దరు పిల్లలు వర్షిత ఆగినచోటే ఆగారు. ఇద్దరూ క్లాసులో వెనక బెంచీవాళ్లే, ఇద్దరికీ మొద్దులన్న పేరే. గురువారం అధికారులు వచ్చేసరికి తెర నిండా వేలిముద్రలున్నాయి. రవీందర్ సారు వాటిని తుడిపించలేదు. దుప్పటి ఏమైందో ఎవరూ అడగలేదు.

పది రోజులకు అద్దాలు వచ్చాయి. ఆ సాయంత్రం వర్షిత వాటితోనే అరుగు మీద కూర్చుని క్యాన్ లోపలికి వంగి చూసింది. గీత ఉంది. ఇన్నాళ్లూ వేలెడు లావుంటుందని ఊహించుకుంది, చూస్తే గోటితో గీకినంత సన్నం. బకెట్ వంచింది. పాలు పైకి వస్తుంటే గీతనే చూస్తూ కూర్చుంది. చూస్తూ పోస్తే చెయ్యి తడబడింది, రెండు చుక్కలు బండ మీద పడ్డాయి. పాలు గీత దాటి అర అంగుళం పైకి వెళ్లాయి.

చాచా నవ్వాడు. "క్యా హువా బేటీ? ఆ చెవులు ఏమైనయ్?" పుష్పమ్మ వైపు తిరిగాడు. "బుచ్చమ్మ చెవులంటివి గద అమ్మా?"

పుష్పమ్మ నులకమంచం మీద ఉంది. ఆ పొద్దున్నే దాని మీది గడ్డి మోపులు తీయించి, ఎవరు చెప్పినా వినకుండా అక్కడే కూర్చుంది. చాచా మాటకు ఎప్పటిలా నవ్వలేదు. మనవరాలి ముఖం మీది అద్దాలనే చూస్తోంది.

"ముప్పై ఏండ్లు గీడ కూసోబెట్టినం భాయ్" అంది. "మస్తు చెవులున్నయని మురిసినం. నీకు ఏమేం కనబడ్తదక్కా అని ఒక్కనాడు అడగలె."

చాచా తలపాగా సర్దుకున్నాడు. వర్షిత ఎక్కువైన పాలను గరిటెతో తీసి బకెట్‌లో పోసి, గీత దగ్గరికి మళ్లీ వంగి చూసి, క్యాన్ మూత పెట్టింది.